క్లినికల్ ట్రయల్‌లో చేరమని అడిగినప్పుడు: సంతకానికి ముందు చూసుకోవలసినవి, అడగవలసినవి

పెద్ద ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న రోగిని, డాక్టర్ గారో ఆయన దగ్గర పనిచేసే స్టడీ కోఆర్డినేటరో, "మీ జబ్బుకు ఒక కొత్త మందు మీద పరిశోధన జరుగుతోంది, మీరు అందులో చేరతారా?" అని అడగడం హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ అరుదైన విషయమేమీ కాదు. అటువంటప్పుడు కొందరు తమ మీద ప్రయోగాలు చేస్తారన్న భయంతో మారుమాట లేకుండా కాదంటారు; మరికొందరు "మీరు చెప్తే సరే డాక్టర్ గారూ" అని కాగితం చదవకుండానే సంతకం పెడతారు. ఈ రెండింటికీ మధ్య మూడో మార్గం ఉంది. ఆ పరిశోధన ఏమిటో విచారించి, కాగితాలు ఇంటికి తెచ్చుకుని చదివి, అడగవలసినవి అడిగి, ఆ తరువాత చేరడమో మానడమో నిర్ణయించుకోవడమే ఆ మార్గం. చట్టం కూడా పరిశోధకుల నుంచి కోరేది ఇదే. ఆ పనిని ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తాను.

అన్నిటికంటే ముందు చికిత్సకూ పరిశోధనకూ ఉన్న తేడాను మనసులో స్థిరపరచుకోవాలి. చికిత్సలో వైద్యుడు మీ ఒంటి తీరును చూసి, మీకు ఏది మేలో ఆలోచించి మందు రాస్తాడు. క్లినికల్ ట్రయల్‌లో మాత్రం ముందుగా రాసిపెట్టుకున్న ఒక ప్రణాళిక ఉంటుంది. దానిని ప్రోటోకాల్ అంటారు. మీకు ఏ మందు, ఎంత మోతాదులో, ఏ రోజున ఇవ్వాలో చాలావరకు ఆ ప్రోటోకాలే నిర్ణయిస్తుంది. దాని ఉద్దేశం ఒక ప్రశ్నకు జవాబు రాబట్టడం. ఆ జవాబు రేపటి రోగులకు ఉపయోగపడుతుంది. మీకూ ఉపయోగపడవచ్చు, పడకపోనూ వచ్చు.

హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్ టీకా మూడో దశ పరిశోధననే తీసుకోండి. 2020 నవంబరులో మొదలైన ఆ ట్రయల్‌లో దేశవ్యాప్తంగా 25 కేంద్రాలలో దాదాపు 25,800 మంది చేరారు. సగం మందికి టీకా, సగం మందికి ప్లాసిబో, అంటే అసలు మందు లేని సూది ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వారికీ తెలియదు, వారిని చూసే వైద్యులకూ తెలియదు. లక్షణాలతో కూడిన కోవిడ్ జబ్బు, టీకా పొందినవారిలో 24 మందికి, ప్లాసిబో పొందినవారిలో 106 మందికి వచ్చింది. టీకా సామర్థ్యం 77.8 శాతమన్న లెక్క ఈ పోలిక నుంచే తేలింది. ఆ 106 మందీ లేకపోతే 24 అన్న అంకెకు అర్థమే లేదు. వారంతా టీకా కోసమే వచ్చి ఉండవచ్చు, కాని వారి వంతుకు టీకా రాలేదు. ట్రయల్‌లో చేరే ప్రతి వ్యక్తీ తనకూ ఇలా జరగవచ్చని తెలిసి చేరాలి.

ఏ దశలో ఉన్న పరిశోధనో తప్పక అడగండి. మొదటి దశలో కొద్దిమందికి మాత్రమే మందు ఇచ్చి భద్రతను, తట్టుకోగల మోతాదును చూస్తారు. రెండో దశలో మందు జబ్బు మీద పనిచేసే సూచనలు కనిపిస్తున్నాయేమో పరిశీలిస్తారు. మూడో దశలో వందల, వేల మందిలో ఇప్పటికే ఉన్న చికిత్సతోనో ప్లాసిబోతోనో పోల్చి చూస్తారు. నాలుగో దశ మందు మార్కెట్‌లోకి వచ్చిన తరువాత జరిగేది. మొదటి దశ పరిశోధనలో జబ్బు తగ్గుతుందన్న ఆశతో చేరకూడదని నేను గట్టిగా నమ్ముతాను. అక్కడ వెతుకుతున్న జవాబు వేరు.

రిజిస్ట్రీలో వెతకడం

మాట మీద ఆధారపడకుండా పరిశోధన నిజంగా నమోదైనదో లేదో మీరే చూసుకోవచ్చు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో 2007 జులై 20న క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా (సీటీఆర్ఐ) మొదలైంది. 2009 జూన్ 15 నుంచి నమోదు తప్పనిసరి అయింది. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి వ్యక్తిని చేర్చుకోకముందే నమోదు చేయాలన్న నియమం వచ్చింది. ఈ రిజిస్ట్రీని ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. వివరాలు ఇంగ్లీషులో ఉంటాయి కనుక అవసరమైతే ఇంట్లో చదువుకున్న పిల్లలనో, తెలిసినవారినో పక్కన కూర్చోబెట్టుకోండి.

కోఆర్డినేటర్‌ను రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే సీటీఆర్ఐ/2020/11/028976 అన్న తరహాలో ఒకటి ఇస్తారు. పైన చెప్పిన కోవాగ్జిన్ మూడో దశ నంబరు ఇదే. నమోదైన సంవత్సరం, నెల, వరుస సంఖ్య అందులోనే కనిపిస్తాయి. ఆ పేజీ తెరిచాక అన్నీ చదవనవసరం లేదు కాని, కొన్ని గడులను మాత్రం శ్రద్ధగా చూడాలి. డబ్బు పెట్టే స్పాన్సర్ ఎవరు, పరిశోధన జరిగే స్థలాల జాబితాలో మీ ఆసుపత్రి పేరు, మీతో మాట్లాడిన డాక్టర్ పేరు ఉన్నాయా అన్నది మొదట చూడండి. తరువాత ఎథిక్స్ కమిటీ (పాల్గొనేవారి క్షేమాన్ని, హక్కులను చూసి పరిశోధనను ఆమోదించే సంఘం) వివరాల దగ్గర మీ ఆసుపత్రి కమిటీకి ఎదురుగా ఆమోదం లభించినట్లు రాసి ఉండాలి. ఔషధ నియంత్రణాధికారి అనుమతి గడిని కూడా చూడండి. అక్కడ "వర్తించదు" అని ఉంటే వెంటనే అనుమానించవద్దు. ఇప్పటికే అమ్మకంలో ఉన్న మందు మీద వైద్య కళాశాలలు సొంతంగా చేసే కొన్ని అధ్యయనాలకు ఎథిక్స్ కమిటీ ఆమోదం సరిపోతుంది. కాని మీకు కొత్త మందు అని చెప్పి, అక్కడ "వర్తించదు" అని కనిపిస్తే మాత్రం కారణం అడగాలి.

అదే పేజీలో ప్రధాన ఫలితం అన్న గడి ఉంటుంది. పరిశోధకులు చివరికి దేనిని కొలిచి విజయమని చెబుతారో అక్కడ ముందే రాయాలి. మందు ఇచ్చిన తరువాత అనుకున్నది రాకపోతే, అనుకోనిది ఏదో వచ్చిందని చూపించి గెలిచామని చెప్పుకోకుండా ఈ ముందస్తు నమోదు అడ్డుపడుతుంది. కేన్సర్ ట్రయల్‌లో ప్రధాన ఫలితం రోగి ఎంతకాలం బతికాడన్నదా, లేక కణితి పరిమాణం ఎంత తగ్గిందన్నదా అని చూస్తే, ఆ పరిశోధన మీకు కావలసిన ప్రశ్ననే అడుగుతోందో లేదో తెలుస్తుంది. ఆ తరువాత ఎవరిని చేర్చుకోరో తెలిపే షరతులు చదవండి. మీకున్న షుగరు, కిడ్నీ సమస్య, మీరు వాడుతున్న వేరే మందు ఆ జాబితాలో ఉంటే చెప్పకుండా దాచవద్దు. ఆ షరతులు మీ ప్రాణాన్ని కాపాడటానికే పెట్టారు.

ఎథిక్స్ కమిటీ అంటే ఆసుపత్రి వారి సొంత మనుషులే కదా అన్న సందేహం రావడం సహజం. 2019 మార్చిలో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. వారిలో కనీసం సగం మంది ఆ సంస్థతో సంబంధం లేనివారై ఉండాలి; అధ్యక్షుడు బయటి వ్యక్తి కావాలి; న్యాయ నిపుణుడు, వైద్యంతో సంబంధం లేని సామాన్యుడు, ఒక మహిళ తప్పక ఉండాలి. ఈ కమిటీ సభ్య కార్యదర్శి ఫోన్ నంబరు మీకిచ్చే కాగితంలో ఉండాలి. డాక్టర్‌తో చెప్పుకోలేని మాట ఏదైనా ఉంటే నేరుగా అక్కడికి ఫోన్ చేయవచ్చు.

సమ్మతి పత్రం: ఒక్కో పేజీ

మీకు రెండు భాగాల కాగితం ఇస్తారు. మొదటిది సమాచార పత్రం, రెండోది సంతకం చేసే సమ్మతి పత్రం. మొదటిది పది పదిహేను పేజీలు ఉన్నా ఆశ్చర్యం లేదు. అది మీకు అర్థమయ్యే భాషలో ఉండాలన్నది నియమం కనుక తెలుగు ప్రతిని అడిగి తీసుకోండి. అనువాదం తెలుగు లిపిలో ఉండి కూడా అర్థం కాకపోతే ఆ తప్పు మీది కాదు. అర్థం కాని వాక్యం పక్కన పెన్సిలుతో గీత గీసి, ఆ గీత ఉన్న ప్రతిచోటా విడమరిచి చెప్పమని అడగండి. ఇంటికి తీసుకువెళ్లి, కుటుంబ సభ్యులతో మాట్లాడి, మీకు నమ్మకమున్న మరో డాక్టర్‌కు చూపించి రావడానికి సమయం ఇవ్వాలి. గుండెపోటు, ప్రమాదం వంటి అత్యవసర సందర్భాలు తప్ప, ఈ రోజే, ఇప్పుడే సంతకం పెట్టాలని ఎవరైనా ఒత్తిడి చేస్తే, కాగితాలు తీసుకుని ఇంటికి బయలుదేరండి.

సంతకం చేసే పేజీలో పుట్టిన తేదీ, చిరునామా, చదువు, వృత్తి, వార్షిక ఆదాయం రాయవలసిన గడులు ఉంటాయి. ఆదాయం, వృత్తి ఎందుకు అడుగుతున్నారని ఇబ్బంది పడనక్కరలేదు. పేదరికం వల్ల ఒత్తిడికి లొంగే పరిస్థితిలో ఉన్నవారెవరో పరిశీలించడానికి అవి పనికొస్తాయి. వాటి కిందనే నామినీ పేరు, చిరునామా, మీతో బంధుత్వం రాయవలసిన గడి ఉంటుంది. పరిశోధన కారణంగా మరణం సంభవిస్తే పరిహారం ఎవరికి చెందాలో తెలిపేది అదే కనుక దానిని ఖాళీగా వదలకండి. ప్రతి వాక్యం పక్కనా మీ పొడి అక్షరాలు వేయవలసిన చిన్న గడులు కూడా ఉంటాయి. అన్నిటినీ ఒకేసారి నింపేయకుండా, ఒక్కో వాక్యం చదివి వినిపించాకే వేయండి.

చదవడం రానివారి విషయంలో నిష్పక్షపాత సాక్షి ఒకరు ఉండాలి. ఆ సాక్షి చివర్లో వచ్చి సంతకం చేసి పోవడానికి వీలు లేదు. వివరించడం మొదలైనప్పటి నుంచి వేలిముద్ర వేసేదాకా పక్కనే ఉండాలి. ఆ పరిశోధన బృందంతో సంబంధం లేనివారై ఉండాలి. పూర్తిగా కొత్త రసాయన మందు మీద జరిగే ట్రయల్‌లో ఒత్తిడికి సులభంగా లొంగే స్థితిలో ఉన్నవారిని చేర్చుకునేటప్పుడు సమ్మతి తీసుకునే తీరునంతటినీ వీడియోలో రికార్డు చేయాలి. సంతకం పూర్తయ్యాక ఒక ప్రతి మీ చేతికి రావాలి. తరువాత ఇస్తామంటే ఒప్పుకోవద్దు.

ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం మన దగ్గరే జరిగిన సంఘటన. 2009 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గర్భాశయ ముఖద్వార కేన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఇచ్చే ప్రాజెక్టు మొదలైంది. దాదాపు 14,000 మంది బాలికలు అందులో ఉన్నారు. భద్రాచలం ప్రాంతపు గిరిజన బాలికలు, ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో చదువుకునేవారు వారిలో ఎక్కువగా ఉన్నారు. కొందరు బాలికలు మరణించిన తరువాత 2010 ఏప్రిల్‌లో దానిని ఆపారు. ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు. విచారణలో బయటపడిన లోపం సమ్మతి పత్రాలది. తల్లిదండ్రులు తమ సొంత ఊళ్లలో ఉండగా హాస్టల్ వార్డెన్లు పెద్ద సంఖ్యలో పత్రాల మీద సంతకాలు చేశారు. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన నివేదికలో దీనిని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే. అయినా ఏ బిడ్డ ఒంట్లోకి ఏది వెళ్తోందో ఆ బిడ్డ తల్లికి తెలియకుండా జరిగిన పనిని సమర్థించలేము. పైగా ఆ ఉదంతం మంచి టీకా మీద కూడా అపనమ్మకాన్ని రేపింది.

మీ పిల్లలను పరిశోధనలో చేర్చమని అడిగితే తల్లిదండ్రులుగా సంతకం మీదే కావాలి. హాస్టల్ వార్డెన్‌కో ప్రధానోపాధ్యాయుడికో ఆ హక్కు లేదు. విషయం గ్రహించగల వయసున్న పిల్లలకు వారి స్థాయిలో వివరించి వారి అంగీకారం కూడా తీసుకోవాలి. పిల్లవాడు ససేమిరా అంటే ఆ మాటకు విలువ ఇవ్వండి.

డాక్టర్‌ను అడగవలసిన ప్రశ్నలలో అన్నిటికంటే పనికొచ్చేది ఇది: "డాక్టర్ గారూ, నేను ఈ ట్రయల్‌లో చేరకపోతే నాకు మీరు ఏ చికిత్స ఇస్తారు?" ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబులో ఇప్పుడున్న మంచి చికిత్స ఏమిటో, ట్రయల్‌లో చేరితే మీరు దేనిని వదులుకుంటున్నారో తేలిపోతుంది. చేరకపోయినా చికిత్సలో తేడా ఉండదని ఆయన నోటితో చెప్పించుకోండి. తరువాత ఎన్నిసార్లు రావాలి, ఎంత రక్తం తీస్తారు, బస్సు ఛార్జీలు, పోయిన కూలీ ఇస్తారా, రాత్రిపూట ఒంట్లో బాగోకపోతే ఏ నంబరుకు ఫోన్ చేయాలి అని అడగండి. తీసిన రక్తం నమూనాలను ఎక్కడ, ఎంతకాలం దాచుతారు, వేరే పరిశోధనకు వాడతారా, జన్యు పరీక్షలు చేస్తారా అన్నది కూడా తెలుసుకోవాలి. చివరికి, విన్నదంతా కాగితం చూడకుండా ఇంట్లోవారికి మీ మాటల్లో చెప్పి చూడండి. ఎక్కడ ఆగిపోతారో అక్కడ మీకు ఇంకా అర్థం కాలేదన్నమాట. ఆ ప్రశ్నతో మళ్లీ డాక్టర్ దగ్గరకు వెళ్లవచ్చు.

హాని జరిగితే

పరిశోధనలో ఉండగా ఒంటికి హాని జరిగితే, అవసరమైనంతకాలం, లేదా ఆ హానికి ట్రయల్‌తో సంబంధం లేదని తేలేవరకు ఉచితంగా వైద్యం చేయించాలి. ఆసుపత్రిలో చేర్చవలసినంత తీవ్రమైన సంఘటన ఏది జరిగినా పరిశోధకుడు 24 గంటలలోగా ఔషధ నియంత్రణాధికారికీ, స్పాన్సర్‌కూ, ఎథిక్స్ కమిటీకీ తెలపాలి. ఆ హాని ట్రయల్ వల్లనే అని తేలితే వైద్యంతో పాటు పరిహారం కూడా ఇవ్వాలి. మందు దుష్ప్రభావానికే కాదు, ప్రోటోకాల్ తప్పడం వల్ల, నిర్లక్ష్యం వల్ల, అందుబాటులో ఉన్న చికిత్స ఇవ్వకుండా ప్లాసిబో ఇచ్చినందువల్ల, చివరికి ట్రయల్ కోసం చేసిన పరీక్షల వల్ల జరిగిన హానికి కూడా ఇది వర్తిస్తుంది.

మరణానికి పరిహారం లెక్కించే సూత్రం నియమాలలోనే ఉంది. 8 లక్షల రూపాయలను వయసును బట్టి ఇచ్చిన గుణకంతో, అప్పటికే ఉన్న జబ్బు తీవ్రతను బట్టి 0.5 నుంచి 4 వరకు ఉండే గుణకంతో హెచ్చించి, 99.37తో భాగిస్తారు. 40 ఏళ్ల వయసుకు గుణకం 184.17. ఆ వయసు గల ఆరోగ్యవంతుడైన వాలంటీర్‌కు జబ్బు గుణకం 4 కనుక మొత్తం దాదాపు 59 లక్షల రూపాయలు అవుతుంది. అదే వయసులో ఆరు నెలలకు మించి బతకడని వైద్యులు భావించిన రోగికి గుణకం 0.5 కనుక 7 లక్షల 40 వేల వరకు వస్తుంది. ఈ తేడా న్యాయమా అన్న ప్రశ్న నన్ను బాధిస్తుంది కాని, సంతకం పెట్టేవారికి లెక్క ఇలా ఉందని ముందే తెలియాలి. ఎవరైనా "అంతా చూసుకుంటాం" అని మాటగా చెబితే, ఈ నియమం ప్రకారం ఎంత వస్తుందో కాగితంలో చూపించమనండి. మీ సొంత ఆరోగ్య బీమా మీద భరోసా పెట్టుకోవద్దు. నిరూపితం కాని చికిత్సలకు పాలసీలలో మినహాయింపు ఉండటం సర్వసాధారణం.

డబ్బు కోసం చేరేవారికి

ఆరోగ్యవంతులను డబ్బు ఇచ్చి చేర్చుకునే బయో ఈక్వివలెన్స్ అధ్యయనాల సంగతి వేరుగా చెప్పాలి. జనరిక్ మందులు తయారు చేసే కంపెనీలు తమ మాత్రలోని మందు, అసలు బ్రాండు మాత్రలోని మందు చేరినంత మేరకే రక్తంలోకి చేరుతోందని నిరూపించుకోవాలి. అందుకు హైదరాబాద్‌లో అనేక కేంద్రాలున్నాయి. ముందు రోజు రాత్రి కేంద్రంలో చేరితే, రాత్రంతా ఏమీ తిననివ్వకుండా మరునాడు ఉదయం ఒక మాత్రను గ్లాసు నీళ్లతో మింగిస్తారు; చేతి నరానికి అమర్చిన క్యాన్యులా అనే సన్నని గొట్టం నుంచి కొన్ని గంటలపాటు, తరచుగా రక్తం తీస్తారు. కొన్ని రోజుల విరామం తరువాత రెండో మాత్రతో అదంతా మళ్లీ జరుగుతుంది.

1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ మలేరియాకూ దోమకూ ఉన్న సంబంధాన్ని కనుగొన్నప్పుడు, హుసేన్ ఖాన్ అనే రోగి తనను కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున తీసుకున్నాడు. డబ్బు తీసుకుని పరిశోధనకు ఒళ్లు అప్పగించడం తప్పు కాదు. ఆ డబ్బు అవసరమే కళ్లను మూసేస్తే ప్రమాదం. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల నుంచి పేద మహిళలను హైదరాబాద్‌లోని ఒక కేంద్రానికి తీసుకువెళ్లి మందులు ఇచ్చారనీ, వారికి విషయం సరిగా తెలియదనీ ఫిర్యాదులు వచ్చాయి. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ విచారణ జరిపి ఆ కేంద్రం మీద చర్య తీసుకుంది.

మిమ్మల్ని తీసుకువెళ్లేది ఊళ్లోని మధ్యవర్తి అయితే, అతని మాటలను సమాచారంగా లెక్కించవద్దు. ఏ మందో, అది ఏ జబ్బుకు వాడేదో కేంద్రంలోని వైద్యుడే మీకు చెప్పాలి. ఒక కేంద్రంలో పాల్గొని, కొన్ని వారాలకే పేరు మార్చుకుని మరో కేంద్రానికి వెళ్లడం అన్నిటికంటే చెడ్డ పని. మొదటి మందు ఇంకా ఒంట్లోనే ఉండవచ్చు, తీసిన రక్తం తిరిగి పట్టి ఉండకపోవచ్చు. రెండు మందులు కలిసి ఏం చేస్తాయో ఏ వైద్యుడూ ఊహించలేడు, ఎందుకంటే మొదటి మందు సంగతి ఆయనకు తెలియదు.

చేరిన తరువాత

ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే తప్పుకునే హక్కు మీకుంది. తప్పుకున్నందుకు మీ మామూలు చికిత్స ఆగకూడదు. అయితే చెప్పకుండా రావడం మానేయకండి. కొన్ని మందులను ఒక్కసారిగా ఆపితే ప్రమాదం కనుక, ఆపే పద్ధతిని అడిగి, చివరి పరీక్షలు చేయించుకుని తప్పుకోవడం మీ ఒంటికే మంచిది. మధ్యలో ఆ మందు గురించి కొత్త ప్రమాదం బయటపడితే మీకు తెలపాలి. అవసరమైతే సమ్మతి పత్రం మళ్లీ తీసుకోవాలి.

ట్రయల్ వివరాలు, అత్యవసర ఫోన్ నంబరు ఉన్న కార్డు ఇస్తే పర్సులో పెట్టుకోండి. వేరే ఊళ్లో ప్రమాదం జరిగి మరో ఆసుపత్రిలో చేర్చినప్పుడు, మీరు ఏ మందు మీద ఉన్నారో తెలుసుకోవడానికి అక్కడి వైద్యులు ఆ నంబరుకే ఫోన్ చేస్తారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు, మీకు ఇస్తున్నది మందో ప్లాసిబోనో అని రహస్యంగా ఉంచిన వివరాన్ని తెరిచి చెప్పే ఏర్పాటు ఉంటుంది. ఆయుర్వేదం, హోమియోపతి, మెడికల్ షాపులో కొన్న నొప్పి మాత్ర, ఏది వాడినా డాక్టర్‌కు చెప్పండి.

పరిశోధన ముగిశాక మందు మీకు బాగా పనిచేసి, దానికి ప్రత్యామ్నాయం లేకపోతే, పరిశోధకుడు సిఫారసు చేసి ఎథిక్స్ కమిటీ ఆమోదిస్తే దానిని స్పాన్సర్ ఉచితంగా కొనసాగించే వీలు నియమాలలో ఉంది. ఆ విషయాన్ని ట్రయల్ చివరి రోజున కాక, చేరేటప్పుడే అడిగిపెట్టుకోండి. మీకు ఇచ్చింది మందో ప్లాసిబోనో, పరిశోధనలో ఏం తేలిందో ఎప్పుడు తెలుపుతారని కూడా అప్పుడే అడిగి, సమాచార పత్రం మార్జిన్‌లో జవాబు రాసుకోండి. ఆ పత్రాన్ని, సమ్మతి ప్రతిని, పరీక్షల రిపోర్టులను ఒకే ఫైలులో దాచి, తరువాత ఏ జబ్బుకు ఏ వైద్యుని దగ్గరకు వెళ్లినా ఆ ఫైలు వెంట తీసుకువెళ్లండి.